పాత ట్రాక్టర్లలో ఇంజన్ ఆయిల్ తరుగుదల – కారణాన్ని గుర్తించే క్రమం

ట్రాక్టర్ పాతబడిన కొద్దీ ఇంజన్ ఆయిల్ తరచుగా తగ్గిపోవడం యజమానులకు ఎదురయ్యే సాధారణ సమస్య. కాలువలకు నీరు వదిలిన తరువాత దమ్ము పనులు, కోతల తరువాత నూర్పిడి పనులు కొద్ది రోజులలోనే ముగించవలసి ఉంటుంది. ఆ సమయంలో ఆయిల్ స్థాయి గమనించక ఇంజన్ పట్టేసినట్లయితే క్రాంక్ షాఫ్టు, బేరింగులు, పిస్టన్లు ఒకేసారి దెబ్బతింటాయి. మరమ్మతు ఖర్చుతో పాటు అదును కూడా తప్పిపోతుంది. అద్దె పనులపై ఆధారపడిన కుటుంబానికి ఆ సీజను ఆదాయమే పోతుంది.

దీనికి పూర్తిగా భిన్నమైన నష్టం మరొకటి ఉంది. ఆయిల్ తగ్గుతున్నదని తెలియగానే రింగులు అరిగిపోయాయని నిర్ణయించి ఇంజన్ విప్పించడం, లైనర్లు, పిస్టన్లు మార్పించడం అనేకచోట్ల జరుగుతున్నది. మూసుకుపోయిన బ్రీదర్ గొట్టం లేదా గట్టిపడిన ఒక ఆయిల్ సీలు అసలు కారణమైనప్పుడు, అంత ఖర్చు చేసినా ఆయిల్ తరుగుదల ఆగదు. కనుక ముందుగా తరుగుదలను కొలవడం, తరువాత ఖర్చు లేని పరీక్షలు చేయడం, చివరగా మాత్రమే ఇంజన్ విప్పడం అనే క్రమాన్ని పాటించాలి.

ఆయిల్ ఎక్కడికి పోతుంది?

ఇంజన్‌లోని ఆయిల్ మూడు దారులలో తగ్గుతుంది. మొదటిది, ప్యాకింగులు, ఆయిల్ సీళ్లు, గొట్టాల అతుకుల నుండి బయటికి కారడం. రెండవది, పిస్టన్ రింగులు, వాల్వు గైడ్లు లేదా గాలి మార్గం ద్వారా దహన గదిలోకి చేరి డీజిల్‌తో పాటు కాలిపోవడం. మూడవది, రేడియేటర్ నీటిలోకి లేదా హైడ్రాలిక్ వ్యవస్థలోకి చేరడం. వీటికి తోడు, ఆయిల్ తగ్గకపోయినా తగ్గినట్లు కనిపించే సందర్భాలు, తగ్గుతున్నా నిండుగా కనిపించే సందర్భాలు కూడా ఉన్నాయి. ఏ పరీక్ష చేసినా ఈ దారులలో ఒకదానిని తోసిపుచ్చడం లేదా నిర్ధారించడం దాని ఉద్దేశం కావాలి.

తరుగుదలను కొలిచే విధానం

ఏ డీజిల్ ఇంజన్‌లోనైనా కొంత ఆయిల్ కాలిపోవడం సహజం. సిలిండరు గోడపై సన్నని ఆయిల్ పొర లేకపోతే పిస్టన్ నడవదు. ఆ పొరలో కొంత భాగం ప్రతి దహనంలోనూ కాలుతూనే ఉంటుంది. ఎంతవరకు సహజమో తెలుసుకోవడానికి, కాల్చిన డీజిల్‌తో పోల్చి చూడడం సులభమైన మార్గం. పాత ట్రాక్టర్లలో అవర్ మీటరు తరచుగా పనిచేయదు గనుక రైతుకు ఈ పద్ధతి మరింత అనుకూలం.

1. ట్రాక్టర్‌ను సమతలంగా ఉన్న ఒకే చోట నిలిపి, ఇంజన్ ఆపిన 15 నిమిషాల తరువాత డిప్‌స్టిక్‌ను తుడిచి, మళ్లీ పూర్తిగా దించి చూడాలి. తలల్లోని, గోడలపైని ఆయిల్ కిందికి దిగడానికి ఆ సమయం అవసరం.

2. ఆయిల్‌ను సరిగ్గా పై గుర్తు వరకు నింపి, ఆ రోజు తేదీ రాసుకోవాలి.

3. అప్పటి నుండి 100 లీటర్ల డీజిల్ ఖర్చయ్యే వరకు పని చేయించాలి. ఈ మధ్యలో ప్రతి ఉదయం స్థాయి చూస్తూ, కింది గుర్తుకు చేరినట్లయితే కొలిచి పోసి ఆ పరిమాణం రాసుకోవాలి.

4. చివరన అదే చోట, అదే విధంగా కొలపాత్రతో ఆయిల్ పోస్తూ పై గుర్తుకు తేవాలి. మధ్యలో పోసినదీ, చివర పోసినదీ కలిపితే అదే తరుగుదల.

100 లీటర్ల డీజిల్‌కు 1 లీటరు ఆయిల్ తగ్గితే అది ఒక శాతం. మంచి స్థితిలో ఉన్న ఇంజన్‌లో తరుగుదల దీనికంటే బాగా తక్కువగా ఉంటుంది. ఒక శాతానికి చేరిందంటే కారణం వెతకవలసిన సమయం వచ్చిందని సాధారణంగా భావిస్తారు. 100 లీటర్లకు 250 మి.లీ. మాత్రమే తగ్గుతూ, పొగ లేకుండా, శక్తి తగ్గకుండా ఉన్న పాత ఇంజన్‌ను విప్పవలసిన అవసరం లేదు. ఒక్కసారి వచ్చిన అంకె కంటే అది పెరుగుతున్న తీరు ముఖ్యం. గత సంవత్సరం 300 మి.లీ. ఉన్నది ఈ సంవత్సరం 900 మి.లీ. అయితే, ఒక శాతం దాటకపోయినా పరీక్షించాలి.

కొలిచే ముందు రెండు విషయాలు సరిచూసుకోవాలి. డిప్‌స్టిక్ ఆ ఇంజన్‌దేనా అన్నది మొదటిది. పోయినదాని బదులు వేరే నమూనా డిప్‌స్టిక్ పెట్టినట్లయితే గుర్తులు తప్పుగా ఉంటాయి. తయారీదారు పుస్తకంలో చెప్పిన పరిమాణం ఆయిల్ పోసి, ఫిల్టరు నిండేందుకు కొద్దిసేపు నడిపి ఆపిన తరువాత గుర్తు సరిపోతున్నదో లేదో చూడాలి. రెండవది, పై గుర్తు దాటి ఆయిల్ పోసే అలవాటు. అధికంగా ఉన్న ఆయిల్‌ను క్రాంక్ చిలుకుతుంది. నురగ వచ్చి, బ్రీదర్ ద్వారా బయటికి పోతుంది, గోడలపైకి ఎక్కువగా చిమ్మి కాలిపోతుంది. అందువల్ల నిండుగా పోసినది వేగంగా తగ్గి, కొంత కిందికి వచ్చాక తగ్గడం ఆగిపోతుంది. అటువంటి ఇంజన్‌లో లోపం పోసే చేతిలోనే ఉంటుంది.

బయటికి కారే చోటు గుర్తించడం

బురద, దుమ్ము, డీజిల్ కలిసి పేరుకున్న ఇంజన్‌పై కారే చోటు కనిపించదు. ఇంజన్ చల్లారిన తరువాత గాలి మార్గం, డైనమో, సెల్ఫ్ మోటారు తడవకుండా మూసి, డీజిల్‌లో ముంచిన కుంచెతో జిడ్డు తొలగించి, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. అనుమానమున్న చోట్ల సుద్దపొడి లేదా మెత్తని ముగ్గుపిండి పలుచగా చల్లి, ఇంజన్‌ను అరగంట పాటు నడపాలి. ఆయిల్ ఊరే చోట పొడి ముందుగా నల్లబడుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఫ్యాను, బెల్టు దగ్గరకు చేయి పోనీయరాదు. కండువా, వదులు దుస్తులు తీసివేయాలి.

ఆయిల్ పైనుండి కిందికి జారుతుంది, ఫ్యాను గాలికి వెనుకకు విస్తరిస్తుంది. అందువల్ల చుక్క పడే చోటు కాక, తడి ఉన్న అన్నింటికంటే ఎత్తైన, ముందువైపు చోటు అసలు కారణానికి దగ్గరగా ఉంటుంది. చాంబరు ప్యాకింగ్ నుండి కారుతున్నదని తోచినది, పరీక్షిస్తే ట్యాపెట్ కవరు ప్యాకింగ్ నుండి జారి వచ్చినదిగా తేలడం సాధారణం. పరిశీలించవలసిన చోట్లు ఇవి.

• ట్యాపెట్ కవరు ప్యాకింగ్, ఆయిల్ పోసే మూత.
• ఆయిల్ ఫిల్టరు. పాత రబ్బరు రింగు బ్లాకుకే అంటుకుని ఉండగా కొత్త ఫిల్టరు బిగించినట్లయితే రెండు రింగుల మధ్య నుండి ఒత్తిడితో ఆయిల్ చిమ్ముతుంది. ఇది కొద్ది నిమిషాలలోనే చాంబరును ఖాళీ చేయగలదు.
• ఆయిల్ ప్రెషరు గేజికి వెళ్లే సన్నని గొట్టం, దాని అతుకు.
• ముందువైపు టైమింగ్ కవరులోని క్రాంక్ ఆయిల్ సీలు.
• చాంబరు ప్యాకింగ్, డ్రెయిన్ ప్లగ్గు వాషరు.
• క్రాంక్ వెనుక సీలు. దీని నుండి కారిన ఆయిల్ క్లచ్ హౌసింగ్‌లోకి చేరి, అడుగున ఉన్న రంధ్రం నుండి చుక్కలుగా పడుతుంది. క్లచ్ జారడం కూడా మొదలవుతుంది. అదే రంధ్రం నుండి గేర్ బాక్సు నూనె కూడా రావచ్చు గనుక రంగు, వాసన, చిక్కదనం పోల్చి చూడాలి. నడిచిన డీజిల్ ఇంజన్ ఆయిల్ నల్లగా ఉంటుంది. గేర్ నూనె సాధారణంగా అంత నల్లగా ఉండదు.

రాత్రి ట్రాక్టర్ కింద తెల్లని అట్ట పరచి, ఉదయం చుక్కల స్థానం గమనించడం కూడా ఉపయోగకరం. అయితే కొన్ని చోట్ల ఇంజన్ నడిచేటప్పుడు ఒత్తిడి ఉన్నంతసేపే ఆయిల్ కారుతుంది. అట్ట పొడిగా ఉన్నంత మాత్రాన కారడం లేదని నిర్ధారించరాదు.

బ్రీదర్ – ముందుగా చూడవలసినది

దహన వాయువులలో కొంత భాగం రింగులను దాటి కిందికి, క్రాంక్ ఉండే భాగంలోకి చేరుతుంది. ఈ వాయువు బయటికి పోవడానికే బ్రీదర్ గొట్టం అమర్చబడింది. దమ్ము బురద, ఊక, గడ్డకట్టిన జిడ్డు లేదా కందిరీగల గూడు దీనిని మూసివేసినట్లయితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు మంచి సీళ్లు కూడా ఆయిల్‌ను నిలుపలేవు. రెండు మూడు చోట్ల ఒకేసారి కారడం మొదలైతే అన్ని సీళ్లూ ఒకేసారి చెడిపోయాయని భావించడానికి ముందు బ్రీదర్‌ను విప్పి, డీజిల్‌తో కడిగి, ఊది చూడాలి. బ్రీదర్ మూసుకుపోయి ఉండగా కొత్త సీలు వేస్తే అది కూడా త్వరలోనే కారుతుంది.

బ్రీదర్ శుభ్రంగా ఉన్నప్పుడు దాని నుండి వచ్చే వాయువే రింగుల స్థితిని తెలుపుతుంది. వేడెక్కిన ఇంజన్‌ను తక్కువ వేగంలో నడుపుతూ ఆయిల్ మూత తీసి చూస్తే పలుచని ఆవిరి రావడం సహజం. పొగబండి ఊదినట్లు దఫదఫాలుగా బలంగా పొగ వస్తుంటే, వాయువు రింగులను అధికంగా దాటుతున్నదని అర్థం.

పొగ చెప్పే సమాచారం

బయట ఎక్కడా తడి లేకుండా ఆయిల్ తగ్గుతున్నప్పుడు సైలెన్సరును గమనించాలి. నల్లని పొగ డీజిల్ ఎక్కువై లేదా గాలి చాలక వచ్చేది. దానికి ఆయిల్ తరుగుదలతో నేరుగా సంబంధం లేదు. చల్లని ఇంజన్‌లో కొద్దిసేపు వచ్చే తెల్లని పొగ కాలని డీజిల్ ఆవిరి. వేడెక్కిన తరువాత కూడా తెల్లని ఆవిరి ఆగకపోతే నీరు దహన గదిలోకి చేరుతున్నదేమో చూడాలి. నీలి ఛాయ గల పొగ మాత్రమే ఆయిల్ కాలుతున్నదనడానికి గుర్తు. దీనిని ఉదయపు ఎండలో, ముదురు రంగు గల నేపథ్యంలో చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

నీలి పొగ ఏ సమయంలో వస్తున్నదన్నది రంగు కంటే ముఖ్యం.

• రాత్రంతా నిలిపిన తరువాత స్టార్టు చేయగానే వచ్చి, కొద్ది నిమిషాలలో తగ్గితే, వాల్వు గైడ్ల గుండా ఆయిల్ జారి సిలిండరులో నిలిచిందని అనుమానించాలి.
• చాలాసేపు ఖాళీగా తిరిగిన తరువాత వేగం పెంచగానే ఒక్కసారిగా వస్తే, అది కూడా ప్రధానంగా వాల్వు గైడ్లనే సూచిస్తుంది.
• రోటవేటర్ లేదా నాగలితో బరువు పడినప్పుడు ఎక్కువై, అదే సమయంలో బ్రీదర్ నుండి కూడా పొగ వస్తే, రింగులు, లైనర్లు అరిగి ఉండవచ్చు.
• ఎయిర్ క్లీనర్‌లో నూనె మార్చిన వెంటనే మొదలైతే, గిన్నెలో గుర్తు దాటి నూనె పోశారేమో చూడాలి. అధికంగా ఉన్న నూనెను ఇంజన్ గాలితో పాటు పీల్చి కాలుస్తుంది. ఆ స్థితిలో ఇంజన్ అదుపు తప్పి వేగం పెరిగే ప్రమాదం కూడా ఉంది.

రింగుల లోపమా, వాల్వుల లోపమా?

ఈ ప్రశ్నకు సమాధానం తెలియకుండా ఇంజన్ విప్పరాదు. వాల్వు గైడ్ల పనికి హెడ్డు మాత్రమే దించితే చాలు. రింగులు, లైనర్ల పనికి చాంబరు కూడా విప్పి పిస్టన్లు తీయాలి. ఖర్చులో, కాలంలో ఈ రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

అనుభవజ్ఞుడైన మెకానిక్ వద్ద డీజిల్ ఇంజన్‌కు తగిన కంప్రెషన్ గేజితో పరీక్ష చేయించాలి. పెట్రోలు ఇంజన్ల గేజి ఆ ఒత్తిడికి పనికిరాదు. వేడెక్కిన ఇంజన్‌లో ఇంజెక్టర్లు తీసి, డీజిల్ రాకుండా స్టాప్ నాబ్ లాగి, సెల్ఫ్‌తో తిప్పుతూ ప్రతి సిలిండరు ఒత్తిడిని రాసుకోవాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. తరువాత ప్రతి సిలిండరులో ఒక్క టీస్పూను, అంటే సుమారు 5 మి.లీ. ఆయిల్ వేసి మళ్లీ కొలవాలి. ఆయిల్ వేసినప్పుడు అన్నింటిలోనూ ఒత్తిడి కొద్దిగా పెరుగుతుంది. ఏదైనా సిలిండరులో మిగిలిన వాటికంటే బాగా పెరిగితే, ఆ ఆయిల్ తాత్కాలికంగా రింగుల సందును మూసిందని, అంటే రింగులు అరిగాయని తెలుస్తుంది. ఒత్తిడి తక్కువగా ఉండి, ఆయిల్ వేసినా పెద్దగా పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదని లేదా హెడ్డు ప్యాకింగ్ చెడిందని భావించాలి. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ చాలా తక్కువ. చెప్పిన దానికంటే ఎక్కువ ఆయిల్ పోస్తే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. వాల్వు గైడ్లు అరిగినా కంప్రెషన్ తగ్గకపోవచ్చు. గైడ్డు అరిగి ఆయిల్ జారుతున్నా, వాల్వు తన సీటుపై సరిగా కూర్చుంటే ఒత్తిడి నిలుస్తుంది. అందువల్ల కంప్రెషన్ బాగుండి, బ్రీదర్ నుండి పొగ లేక, స్టార్టు చేసినప్పుడు మాత్రమే నీలి పొగ వస్తున్న ఇంజన్‌లో గైడ్లనే ముందుగా చూడాలి.

ఆయిల్ ప్రెషరును కూడా గమనించాలి. వేడెక్కిన తరువాత తక్కువ వేగంలో ప్రెషరు బాగా పడిపోతూ, ఆయిల్ కూడా కాలుతున్నట్లయితే బేరింగులు అరిగి ఉండవచ్చు. వదులైన బేరింగుల నుండి ఆయిల్ అధికంగా చిమ్మి సిలిండరు గోడలపై పడుతుంది. అంత ఆయిల్‌ను కొత్త రింగులు సైతం పూర్తిగా గీయలేవు. రింగులు మార్చినా తరుగుదల ఆగలేదన్న ఫిర్యాదుకు ఇదొక కారణం.

స్థాయి తగ్గకపోయినా ప్రమాదమే

ఆయిల్ తగ్గే ఇంజన్‌లో ఒక్కసారిగా స్థాయి నిలిచిపోవడం లేదా పెరగడం శుభసూచకం కాదు. తగ్గిన ఆయిల్ స్థానంలో డీజిల్ లేదా నీరు చేరుతున్నదని అనుమానించాలి.

డయాఫ్రమ్ గల ఫీడ్ పంపు చిరిగినా, డీజిల్ పంపు సీళ్లు చెడినా, ఇంజెక్టరు నుండి డీజిల్ చుక్కలుగా కారినా అది చాంబరులోకి దిగుతుంది. ఆయిల్ పలుచబడి డీజిల్ వాసన వేస్తుంది. డిప్‌స్టిక్ నుండి నీటిలా జారుతుంది. ఈ స్థితిలో పనికి పంపితే స్థాయి నిండుగా కనిపిస్తూనే బేరింగులు పోతాయి.

నీరు చేరితే ఆయిల్ పాలు కలిపిన తేనీటి రంగుకు మారుతుంది. అనుమానమున్నప్పుడు రెండు చుక్కల ఆయిల్‌ను వేడి పెనంపై దూరం నుండి వేస్తే చిటపట శబ్దం వస్తుంది. శుభ్రమైన ఆయిల్ చిటపటలాడదు. హెడ్డు ప్యాకింగ్ దెబ్బతిన్నప్పుడు, నడిచే ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి నీటి ఒత్తిడి కంటే ఎక్కువ గనుక ఆయిల్ రేడియేటర్‌లోకి పోతుంది. ఆపిన తరువాత నీరు ఆయిల్‌లోకి దిగవచ్చు. లైనర్ల అడుగు రబ్బరు రింగులు చెడినప్పుడు నీరు నేరుగా చాంబరులోకి కారుతుంది. రేడియేటర్ మూతను ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాతనే తీసి, నీటిపై జిడ్డు తెట్ట ఉన్నదేమో చూడాలి. పై రెండు సందర్భాలలోనూ లోపం సరిచేసి, ఆయిల్, ఫిల్టరు మార్చేవరకు ఇంజన్‌ను నడపరాదు.

హైడ్రాలిక్ పంపు ఇంజన్ గేర్ల ద్వారా తిరిగే నమూనాలలో పంపు షాఫ్టు సీలు చెడితే ఒకవైపు నూనె మరొకవైపుకు చేరవచ్చు. అందువల్ల ఇంజన్ ఆయిల్‌తో పాటు హైడ్రాలిక్ నూనె స్థాయిని కూడా రాసుకోవాలి.

అరుగుదలకు మూలం దుమ్ము

రింగులు, లైనర్లు ముందుగానే అరగడానికి వ్యవసాయ ట్రాక్టర్లలో దుమ్ము ముఖ్యమైన కారణం. ఎయిర్ క్లీనర్‌ను దాటి వచ్చిన సన్నని మట్టి ఆయిల్‌తో కలిసి సానబట్టే ముద్దలా పనిచేస్తుంది. నూర్పిడి రోజులలో ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ గిన్నెను ప్రతిరోజూ చూడాలి. అడుగున మట్టి పేరుకున్నా, నూనె చిక్కబడినా శుభ్రపరచి గుర్తు వరకు మాత్రమే నింపాలి. క్లీనర్ నుండి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం పగిలినా, క్లిప్పు వదులైనా క్లీనర్ ఉండీ ప్రయోజనం లేదు. ఆ గొట్టం తీసి లోపల వేలితో రాసినప్పుడు దుమ్ము అంటినట్లయితే, రింగులు మార్చే ముందు ఆ లోపం సరిచేయాలి. లేకపోతే కొత్త రింగులు కూడా అదే విధంగా అరుగుతాయి.

ఊకతో రేడియేటర్ మూసుకుపోయి ఇంజన్ అధికంగా వేడెక్కడం మరొక కారణం. వేడికి ఆయిల్ పలుచబడుతుంది. రింగుల గాడులలో మసి గట్టిపడి రింగులు కదలకుండా పట్టుకుంటాయి. ఆయిల్ మార్పిడిని వాయిదా వేసినా ఇదే జరుగుతుంది.

పాత జీపులు, కార్లు

గ్రామాలలో వాడుకలో ఉన్న పాత జీపులు, కార్లకు కూడా ఇదే క్రమం వర్తిస్తుంది. పెట్రోలు ఇంజన్లలో అదనంగా స్పార్కు ప్లగ్గులను తీసి చూడవచ్చు. ఒక్క ప్లగ్గు మాత్రమే తడి జిడ్డుతో నల్లబడితే లోపం ఆ సిలిండరుకే పరిమితం. అన్నీ ఒకే విధంగా జిడ్డుగా ఉంటే, చాంబరు వాయువును తిరిగి గాలి మార్గంలోకి పంపే పి.సి.వి. వాల్వు పట్టుకుపోయిందేమో ముందుగా చూడాలి. అది చిన్న భాగమే అయినా తెరుచుకుని నిలిచిపోతే ఆయిల్ ఆవిరిని ఇంజన్ పీల్చుకుని కాలుస్తుంది.

నిర్ణయం తీసుకునే విధానం

పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చినప్పుడు నిర్ణయం సులభమవుతుంది. బయట తడి ఉండి పొగ లేకపోతే, బ్రీదర్ శుభ్రపరచి, కారే చోటి ప్యాకింగ్ లేదా సీలు మాత్రమే మార్చాలి. స్టార్టింగు సమయంలో మాత్రమే నీలి పొగ ఉండి కంప్రెషన్ బాగుంటే, పని లేని కాలంలో హెడ్డు దించి గైడ్లు, వాల్వులు చేయించాలి. బరువు మీద నీలి పొగ, బ్రీదర్ పొగ, తక్కువ కంప్రెషన్ అనే మూడూ కలిసి కనిపిస్తే అప్పుడే పూర్తి మరమ్మతుకు సిద్ధపడాలి. అప్పుడు కూడా లైనర్ల అరుగుదలను గేజితో కొలిపించి, పరిమితి లోపల ఉంటే రింగులు, దాటితే లైనర్లు, పిస్టన్లు మార్పించాలి. కొత్త రింగులు వేసిన ఇంజన్‌ను గంటల తరబడి ఖాళీగా తిప్పితే రింగులు గోడలకు సరిగా ఒదగవు. తేలికపాటి బరువుతో మొదలుపెట్టి క్రమంగా పని పెంచాలి.

చిక్కని ఆయిల్ పోయడం లేదా సీసాలలో అమ్మే మందులు కలపడం వల్ల తరుగుదల కొద్దికాలం తగ్గినట్లు కనిపించవచ్చు. అరిగిన భాగం దానివల్ల బాగుపడదు. తయారీదారు సూచించిన గ్రేడు ఆయిల్‌నే వాడాలి. తీసిన పాత ఆయిల్‌ను కాలువలలో, పొలం గట్లపై పారబోయకుండా డబ్బాలో నిల్వ చేసి, సేకరించేవారికి అప్పగించాలి.

మరమ్మతు ముగిసిన తరువాత మళ్లీ 100 లీటర్ల డీజిల్ ఖర్చయ్యే వరకు తరుగుదలను కొలవాలి. ముందు 1.2 లీటర్లు తగ్గినది ఇప్పుడు 200 మి.లీ. అయితే కారణం సరిగా గుర్తించబడినట్లే. తేడా లేకపోతే అసలు దారి ఇంకా తెరిచే ఉన్నదని గ్రహించి, పరీక్షలను మొదటి నుండి చేయాలి. తేదీ, డీజిల్, ఆయిల్, పొగ వివరాలతో నాలుగు గడుల చిన్న పుస్తకాన్ని ట్రాక్టర్ పెట్టెలో ఉంచినట్లయితే, దమ్ము మొదలయ్యే నెల ముందే లోపం బయటపడుతుంది, మరమ్మతును అదునుకు ముందే తీరికగా చేయించుకునే వీలు కలుగుతుంది.